వదిన వంతు

సోమవారం పొద్దున దావీదురాజు బండల పాలిష్ పనికి పోతూ, "అమ్మిని ఈపొద్దు కర్నూలు బస్సెక్కించు" అని భార్య ఓబులమ్మకు చెప్పి వెళ్ళాడు.

కూతురు ఆరాధన కదల్లేదు. కాలేజీ హాస్టల్ నుంచి వచ్చి వారమైంది. గోడకు ఆనుకుని కూర్చుంటే పొద్దు దానంతటదే గడిచిపోతోంది. ఏదీ బాధగా లేదు, ఏదీ బాగా లేదు.

"నేను పోనుమా. చదువు మానేస్తా."

ఓబులమ్మ చాట కింద పెట్టింది. "ఎవురన్నా కొట్టినారా? తిట్టినారా?"

"లేదు."

"మరేమి నీకు?"

"మార్కులొస్తే, మీవాళ్ళలో కూడా ఇంత బాగా చదువుతారా అంటారు. గదిలో పూజ చేసుకునేటప్పుడు, నీకు ఇబ్బందేమోలే అని నన్ను బయట కూర్చోమంటారు."

"నవ్వుతా అంటే తప్పేముండాదే?"

"ఒకసారైతే ఏం లేదు. రోజూ అంటే?"

ఇలాంటి చిన్న మాటల గురించే ఇంట్లోవాళ్ళను అడిగి రమ్మని కాలేజీలో మేడం ప్రాజెక్టు ఇచ్చింది. ఆరాధన వదిన వైపు తిరిగింది. రామేశ్వరమ్మ ఎర్రగుంట్ల నుంచి వచ్చిన కోడలు. గుడికి పోయే ఇంట్లో పుట్టి, పెళ్ళప్పుడు బాప్తిస్మం తీసుకుంది.

"వదినా, నిన్నెవరన్నా అట్ల అంటారా?"

రామేశ్వరమ్మ కూరకు ఎర్రగడ్డలు కోస్తూనే ఉంది. "అంటారు."

"ఎవరు?"

"మీరే."

ఓబులమ్మ తలెత్తింది.

"ఇంట్లో ప్రార్థన వంతులేసుకుని చేస్తారు. నా దగ్గరికి వచ్చేతలికి, వదిన కొత్త, వదిలేయండి అంటావు నువ్వు. ఆరేండ్లాయ నేనొచ్చి."

"నిన్ను తక్కువ చేసి కాదు వదినా. నీకు ఇబ్బందేమోనని..."

అది హాస్టల్లో తన గదిలోవాళ్ళు అనే మాటే.

"నాకు కడుపు పోయిన దినం, ఒక్క మాట దేవునికి నేనే చెప్పుకోవాలనుకుంటి," అంది రామేశ్వరమ్మ. "ఆ పొద్దు కూడా నన్ను దాటిపోతిరి."

ఓబులమ్మ కోడలి ముందున్న కత్తిపీటను మెల్లగా పక్కకు జరిపింది. "నలుగుర్లో తడబడి చిన్నబోతావని అనుకుంటినమ్మా. నిన్నడగాలని తోచలే. ఈపొద్దు నువ్వు చేస్తావా?"

"ఈపొద్దు నోరు రాదత్తా. రేపు చేస్తా."

ఓబులమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

చాలాసేపటికి ఆరాధన లేచి, దువ్వెన తెచ్చుకుని వదిన ముందు కూర్చుంది.

"పోతాండావా?" అంది రామేశ్వరమ్మ, జడ పాయలు తీస్తూ.

"పోతా. వాళ్ళు తెలిసి అంటున్నారో తెలియక అంటున్నారో. చెప్పి చూస్తా."

"యాడ మొదలుపెడతావు?"

"ఈడనే. నన్ను క్షమించు వదినా."

జడ అల్లే చేతులు ఆగాయి. ఆరాధన మెడ మీద ఒక వెచ్చటి చుక్క పడింది.

"కదలొద్దు," అంది రామేశ్వరమ్మ. "జడ వంకర పోతాది."