బిగించిన మూత

"ఈ మూత ఎవరు బిగించారు?"

సంతాన సాఫల్య కేంద్రం ల్యాబ్‌లో ఇన్‌ఛార్జి మేడమ్‌కు చాటుగా పెట్టిన పేరు సైరన్. అది వెనకే మోగేసరికి కొత్త టెక్నీషియన్ ఉలిక్కిపడ్డాడు.

"నేనే మేడమ్. ఒలికిపోతుందేమోనని..."

"మరి ఇంక్యుబేటర్‌లోని గ్యాస్ ట్యూబులోకెలా వెళ్తుంది? నువ్వు ఊదుతావా?"

ట్యూబులో నారింజ రంగులో ఉండాల్సిన ద్రవం ఆ గ్యాస్ అందక గులాబీకి తిరిగింది. ఆమె ఒక చుక్క తీసి మైక్రోస్కోప్ కింద పెట్టింది. వీర్యకణాలు బుద్ధిమంతుల్లా తిన్నగా ఈదుతున్నాయి.

"కదులుతున్నాయిగా! గుడ్ల దగ్గర వదిలేద్దాం" అన్నాడతను ఆత్రంగా.

"కదిలితే చాలదు మహానుభావా! పైపొరలో కొలెస్ట్రాల్ తగ్గాలి, లోపలికి కాల్షియం రావాలి. అప్పుడే తోక కొరడాలా ఝళిపిస్తాయి. అందాకా గుడ్డును ఆనుకుని కూర్చున్నా లోపలికి పోలేవు. మామూలుగా ఆ తయారీ తల్లి ఒంట్లో జరుగుతుంది. ఇక్కడ మనం చేయాలి. నువ్వేమో ఊపిరాడకుండా మూసేశావ్."

మూత వదులు చేసి ట్యూబును మళ్లీ లోపల పెట్టింది. అతను స్టూలు మీద కూలబడ్డాడు.

"ఏంటా ఏడుపు మొహం? గుడ్లు సాయంత్రం దాకా ఆగుతాయి. ఆ తర్వాతే చెప్పలేను."

"అవి మా వదినవి మేడమ్. ఇదే ఆఖరి ప్రయత్నం అంది."

ఆమె గిర్రున తిరిగింది. "సొంతవాళ్లని ముందే చెప్పొద్దూ! వాళ్ల ట్యూబు నీ చేతికిచ్చేదాన్నా?"

"చెబితే పక్క సెక్షన్‌కి పంపేస్తారని..."

"పంపిస్తే?"

"మీరు కనబడరు."

అనేశాక నాలుక్కరుచుకున్నాడు. సైరన్ మోగలేదు. దాంతో మరీ భయం వేసింది.

సాయంత్రం కావస్తుండగా ఆమె ఇంకో చుక్క చూసింది. చాలాసేపు తల ఎత్తలేదు.

"రా, చూడు."

తిన్నగా ఈదినవి ఇప్పుడు తోకలు కొరడాల్లా విసురుతూ ఎగిరెగిరి పడుతున్నాయి.

"ఇప్పుడు గుడ్ల దగ్గర వదులుతాను. నువ్వు మాత్రం బయటికి నడువ్."

మర్నాడు పొద్దున అతను తలుపు బయట నిలబడ్డాడు. అన్నయ్య ఫోన్. "ఏమైందిరా? మీ వదిన పచ్చి మంచినీళ్లయినా ముట్టడం లేదు."

"ఇంకా చూస్తున్నారన్నయ్యా..."

తలుపు తెరుచుకుంది. ఆమె మాస్కు దించింది.

"నాలుగు గుడ్లలో రెండేసి వలయాలు కనబడ్డాయి. ఒకటి తల్లిది, ఒకటి తండ్రిది. ఫలించాయి. మీ వదినకు నువ్వే చెప్పు, మూత సంగతితో సహా."

అతని కళ్లు చెమర్చాయి. "చెబుతాను మేడమ్."

"రేపట్నుంచి నువ్వు పక్క సెక్షన్."

అతని మొహం వాడిపోయింది.

"అక్కడ నేను నీకు మేడమ్‌ని కాను" అంది, ఎటో చూస్తూ.

"అంటే... నిన్న నేనన్నదానికి..."

"తొందరపెట్టకు. టైమ్ పడుతుంది." ఆమె చెవులు ఎర్రబడ్డాయి. "మూత మాత్రం వదులుగానే పెట్టాను."