విసనకర్ర ఎవరి చేతికి?

"ఆపండి!"

ఆ కేకకి ఇజకాయా అనే ఆ చిన్న జపాను పానశాలలో ఉన్నవాళ్ళంతా గ్లాసులు దించి అటు చూశారు. వానలో తడిసి ముద్దై వచ్చిన నీటి సరఫరా ఆఫీసు వాళ్ళు నలుగురు చివరి బల్ల దగ్గర కూర్చున్నారు. వాళ్ళలో కళ్ళజోడు కుర్రాడు, నలుగురికీ సమానంగా పంచుదామన్న గొప్ప ఉద్దేశంతో, కాల్చిన కోడిముక్కల్ని పుల్లల మీంచి ఒలిచి పళ్ళెంలో పోస్తున్నాడు.

"నన్నేనా?" అన్నాడతను.

"మిమ్మల్నే!" అంది కౌంటరు వెనక పీట మీదున్న అమ్మాయి. "పొద్దుట పదింటి నుంచి కూర్చుని గుచ్చానండీ అవి. చిన్న ముక్క కిందికి, పెద్ద ముక్క పైకి, ఒక్కొక్కటీ చూసి చూసి. మీరేమో రెండు నిమిషాల్లో పీకి పారేశారు!"

"అందరం పంచుకుందామనీ..."

"పంచుకోవాలంటే ఇంకో నాలుగు చెప్పాలి. పీకకూడదు."

"అయితే ఇంకో నాలుగు ఇవ్వండి," అన్నాడు చెవులు ఎర్రబడి.

అదీ ఆ కళ్ళజోడు కుర్రాడు క్యోహేతో నగిసాకి తొలి పరిచయం. దాన్ని పరిచయం అంటారో కొట్లాట అంటారో మీరే తేల్చుకోండి.

కురుమే స్టేషన్ వెనక సందులో ఉంది ఒగాటా వారి ఇజకాయా. బొగ్గుల పొయ్యి దగ్గర నగిసా తండ్రి ఇవావో నిలబడతాడు, చేతిలో విసనకర్రతో. రాజుగారికి రాజదండం ఎలాగో ఆయనకి ఆ విసనకర్ర అలాగ. ఎనిమిదేళ్ళుగా నగిసా పుల్లలు గుచ్చుతూనే ఉంది, విసనకర్రని మాత్రం ముట్టుకోనివ్వడు.

"గుచ్చడానికి మూడేళ్ళు, కాల్చడానికి జీవితకాలం. తొందరపడకు," అనేవాడు మొదట్లో. మూడేళ్ళూ నిండాక ఇంకో సాకు దొరికింది. "ఆ సెగ ఆడపిల్లవి నీకెందుకే?"

సెగ ఆవిడకి కొత్తా? పుట్టుకతోనే వెంట తెచ్చుకుంది.

మర్నాడు వాన లేదు, స్నేహితులూ లేరు. అయినా క్యోహే వచ్చాడు. కౌంటరు ముందు కూర్చుని, పుల్ల పట్టుకుని బుద్ధిగా కొరుక్కు తిని, ఖాళీ పుల్ల ఎత్తి చూపించాడు.

"ఇలాగేనా?"

"పాస్," అంది నగిసా, వెనిగర్ చల్లిన క్యాబేజీ గిన్నె అతని ముందుకి తోస్తూ.

ఆపైన రోజూ వచ్చాడు. వానొస్తే గొడుగు లేకుండా మరీ వచ్చాడు.

"నీళ్ళ ఆఫీసులో పనిచేస్తూ వానొస్తుందని తెలీదా?"

"మాది కొళాయి నీళ్ళండీ. వాన మా శాఖ కాదు."

నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది. శరదృతువు వచ్చేసరికి ఇద్దరి మధ్యా 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. అప్పుడే ఇవావో కుడి మణికట్టు వాచింది. ఇక విసరడం మానకపోతే చెయ్యి పనికిరాకుండా పోతుందన్నాడు డాక్టరు. నగిసా ఏమీ అడగలేదు. ఈసారైనా తండ్రే పిలిచి తన చేతిలో పెడతాడని ఎదురుచూసింది.

శనివారం సాయంత్రం ఐదింటికి తలుపు తీయగానే కుర్చీలన్నీ నిండిపోయాయి. ఇవావో గొంతు సవరించుకున్నాడు.

"అందరూ వినండి! మన క్యోహే మా ఇంటికి ఇల్లరికం వస్తున్నాడు. మా ఇంటిపేరు పెట్టుకుంటాడు. సోమవారం నుంచి ఈ పొయ్యి అతనిదే!"

గ్లాసులు పైకి లేచాయి. నగిసాకి మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏయ్, నువ్వు ఒప్పుకున్నావా?" అంటూ కౌంటరు ముందున్న క్యోహే వైపు తిరిగింది.

"ఇల్లరికం వస్తావా అన్నారు, నువ్వు సరేనంటే వస్తానన్నాను. నిన్ను అడుగుదామనే వచ్చాను," క్యోహే నీళ్ళు నమిలాడు. "పొయ్యి సంగతి ఇప్పుడే వింటున్నాను."

"మగాడు ఇంట్లోకి వస్తుంటే ఇంకెవరికిస్తారే?" అన్నాడు ఇవావో.

"నాన్నా, గుచ్చడానికి ఎన్నేళ్ళు?"

"...మూడు."

"నేను ఎన్నేళ్ళు గుచ్చాను?"

"ఎనిమిది!" అన్నాడు కౌంటరు చివర్నుంచి రిటైర్డ్ రైలు డ్రైవరు హమదా.

"ఇతను ఎన్నేళ్ళు గుచ్చాడు?"

"గుచ్చడం ఎక్కడమ్మా, పీకడమేగా!" అన్నాడు హమదా. షాపంతా గొల్లుమంది.

నగిసా నవ్వలేదు. "ఇతను నాకు కావాలి నాన్నా. పొయ్యీ నాకే కావాలి. రెండింట్లో ఏదీ వదులుకోను. ఆచారం కాదంటారా? మీరు పెట్టిన ఆచారమే అడుగుతున్నాను. మూడేళ్ళు గుచ్చినవాళ్ళే పొయ్యి దగ్గరికి రావాలి. రండి, ఎవరున్నారో!"

అంటూనే తండ్రి చేతిలోంచి విసనకర్ర లాగేసుకుంది. తీసుకున్నాక భయం వేసింది. తండ్రిని చూసి కాదు. క్యోహే వైపు చూడాలంటే. తన కింద పనివాడిగా కూర్చోమంటే ఏ మగాడు కూర్చుంటాడు? లేచి వెళ్ళిపోతే?

క్యోహే లేచాడు. కోటు విప్పాడు. టై జేబులో పెట్టుకున్నాడు. కొక్కేనికి ఉన్న ఏప్రన్ తీసి కట్టుకుని, లోపలికి వచ్చి నగిసా పీట మీద కూర్చున్నాడు.

"చిన్న ముక్క కిందికి, పెద్ద ముక్క పైకి. అంతేగా?"

అతను గుచ్చిన మొదటి పుల్ల పొయ్యి మీద పెట్టగానే సగం ముక్కలు నిప్పుల్లోకి రాలాయి.

"పీకడం మానేశావనుకున్నాను," అంది నగిసా. కళ్ళలో నీళ్ళు పొగ వల్లనే అనుకోమన్నట్టు మొహం తిప్పుకుంది.

ఇవావో తలగుడ్డ విప్పి, కౌంటరు చుట్టూ తిరిగి వచ్చి, హమదా పక్కన కూర్చున్నాడు. ముప్ఫై ఏళ్ళలో కౌంటరుకి ఆ వైపున ఆయన కూర్చోవడం అదే మొదలు.

"ఉప్పుతో రెండు," అన్నాడు.

నగిసా తాను గుచ్చినవే కాల్చి ముందు పెట్టింది. ఆయన కొరికి, నమిలి, నమిలి...

"ఉప్పు..."

"ఏమైంది ఉప్పుకి?"

"ఏం కాలేదు. ఇంకో రెండు వెయ్యి."

నగిసా విసనకర్ర గట్టిగా పట్టుకుని నిప్పులు రాజుకునేలా విసరసాగింది. ఎనిమిదేళ్ళుగా విందామనుకున్న మాట అదే.

"సోమవారం ఆఫీసు మానేస్తావా?" అంది క్యోహేతో, గొంతు తగ్గించి.

"ఎందుకు మానడం? శనివారాలు వస్తాను. లెక్క కూడా వేశాను. వారానికి ఆరు రోజులు గుచ్చితే మూడేళ్ళు. ఒక్క రోజే గుచ్చితే పద్దెనిమిదేళ్ళు."

"పద్దెనిమిదేళ్ళ తర్వాత కూడా ఈ విసనకర్ర ఇవ్వను."

"అడిగితే కదా," అన్నాడు క్యోహే, ఇంకో పుల్ల అందుకుంటూ.