నిద్రపోయే కీబోర్డు

ఎనిమిదింటికి కరెంటు పోయింది. ఫ్యాను రెక్కలు పూర్తిగా ఆగకముందే క్రిస్టీనా ఇడ్లీ పళ్ళెం తెచ్చి మావగారి కుర్చీ పక్కనున్న స్టూలు మీద పెట్టింది. ఎదురింటి డాబా మీద ఆరబోసిన మిరపకాయల ఘాటు లోపలికి రాకుండా కిటికీ ఒక రెక్క మూసి, ఆయన మొహానికి గాలి తగిలేటట్టు రెండోది వదిలేసింది. అడక్కుండానే అలాంటివి చేస్తుంది ఆ పిల్ల. యేసుపాదం మాస్టారు రోజూ ఆ సంగతి గమనిస్తూనే ఉంటారు. చెప్పడానికే నోరు లేదు.

పక్షవాతం వచ్చి పది నెలలైంది. కుడి చెయ్యి పడిపోయింది. మాట మనసులో సరిగ్గానే పుడుతుంది కానీ పెదాల దాకా వచ్చేసరికి ముద్దయిపోతుంది. ఎడం చేత్తో పెన్ను పట్టుకుంటే పిచ్చిగీతలు తప్ప ఏమీ రావు. స్పిన్నింగ్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్లు చూసే కొడుకు ప్రకాష్, మిల్లువాళ్ళు పక్కన పడేసిన లాప్‌టాప్ ఒకటి తెచ్చి, పాత యంత్రానికి తేలిగ్గా ఉంటుందని లినక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేశాడు. దాని మీద ఎప్పుడో టీ ఒలికి మీటలన్నీ చచ్చిపోయాయి. అందుకని వేరే కీబోర్డు తెచ్చి యు.ఎస్.బి. తీగతో తగిలించి, మీటల మీద తెలుగు అక్షరాలు అంటించాడు. మాస్టారు ఎడమ చూపుడువేలితో ఒక్కో అక్షరమే వెతుక్కుని కొడతారు. ముప్ఫయ్యేళ్ళు పాఠాలు చెప్పిన గొంతు ఇప్పుడు ఆ తీగలో ఉంది.

ఇడ్లీ అయ్యాక క్రిస్టీనా మాత్రల షీటు తీసింది. అది రక్తాన్ని పల్చబరిచే మందు. గుండె నుంచి మళ్ళీ గడ్డ కదిలి తలకెక్కకుండా రోజుకొకటి వెయ్యమన్నారు. ఒక మాత్ర చింపి, షీటు ఆయన ముందు పెట్టి నీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళింది. షీటు వెనక సన్నటి అక్షరాల మధ్య ఒక అంకె కనిపించింది. ఐదు.

ఆయన మళ్ళీ చూశారు. పాత షీటు మీద రెండు ఉండేది. అదే రంగు, అంతే పొడుగు. సోమవారం, ఎప్పుడూ కొనే షాపు మూసి ఉంటే ఆ పిల్ల వేరే షాపులో తెచ్చింది. ఈరోజు గురువారం. అంటే మూడు రోజులు మింగేశారు.

నిన్నటి నుంచి పళ్ళ చిగుళ్ళు చెమరుస్తున్నాయి. రక్తం ఆగడం లేదు. ఎర్ర గళ్ళ తువ్వాలుతో తుడుచుకోవడంతో ఎవరికీ తెలియలేదు. ఆస్పత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరు చెప్పిన మాట చెవిలో గింగురుమంది. ఈ మందు మోతాదు పెరిగితే లోపల రక్తం కారుతుందనీ, తలలో కారితే తెలిసేలోపే అంతా అయిపోతుందనీ.

లాప్‌టాప్ మూత ఎత్తి, తెర వెలగ్గానే ఎడం చెయ్యి కీబోర్డు మీదికి జాపారు. మ కొట్టారు. తెర మీద పడింది. సున్నా కోసం వెతికారు. దొరికింది, కొట్టారు. పడలేదు. మళ్ళీ కొట్టారు. ఏ మీట నొక్కినా తెర మీద ఆ ఒక్క మ తప్ప ఇంకేం లేదు.

క్రిస్టీనా వచ్చి మాత్ర నోటి దగ్గర పెట్టింది. ఆయన పెదాలు బిగించేశారు.

ఆమె ముందు బతిమాలింది. నొప్పిగా ఉందా అని అడిగింది, తల అడ్డంగా ఊపారు. మాత్ర వద్దా అంటే అవునన్నట్టు గట్టిగా తలూపారు. షీటు వైపు వేలు చూపిస్తే అవతల పారెయ్యమంటున్నారనుకుని ఆమె మొహం వాడిపోయింది. చిగుళ్ళు చూపిద్దామంటే భయం. నోరు తెరిస్తే ఆ మాత్ర లోపలికి వచ్చేస్తుంది.

ఆమె పిలిస్తే ప్రకాష్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చాడు. మిల్లుకి టైమైపోతోంది. కీబోర్డు తీగ పీకి పక్క రంధ్రంలో గుచ్చాడు. మౌస్ కూడా తెచ్చి తగిలించాడు. దాని కింద ఎర్ర లైటు వెలిగి, కాసేపటికి ఆరిపోయింది. పోర్టు పోయిందేమోనని గొణిగి, లాప్‌టాప్ ఆపి మళ్ళీ మొదలుపెట్టాడు. తీగ మళ్ళీ పీకి గుచ్చి పది వేళ్ళతో టపటపా కొట్టాడు. ఒక వాక్యం మొత్తం తప్పు లేకుండా పడింది.

"బాగానే ఉంది కదా నాన్నా. కొట్టండి."

ఆ మాట పూర్తికాకముందే మాస్టారు మ కొట్టారు. ఈసారీ అది పడింది. సున్నా దగ్గరికి వేలు వెళ్ళేసరికి కీబోర్డు మళ్ళీ రాయి అయిపోయింది. ప్రకాష్ తీగ పీకి గుచ్చి తను కొట్టి చూశాడు, పనిచేసింది. ఆయన కొట్టారు, ఆగిపోయింది. మూడోసారి కూడా అంతే. ప్రకాష్ మొహం మెల్లగా మారింది.

"నేను కొడితే పనిచేసేది మీరు కొడితే ఎందుకు పనిచెయ్యదు? చెప్పడం ఇష్టం లేకపోతే లేదనండి."

మాస్టారు తల అడ్డంగా ఊపారు. గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. అది ఆయనకే అర్థం కాలేదు.

ప్రకాష్ కోపం వెనక ఏముందో ఆయనకి తెలుసు. ఆస్పత్రి నుంచి వచ్చిన కొత్తలో ఆయన నిజంగానే నోరు బిగించారు. భార్య మరియమ్మ పోయి ఏడాది కూడా కాలేదు, ఈ బతుకెందుకనిపించి మూడు రోజులు మంచినీళ్ళు కూడా ముట్టలేదు. ఆ మూడు రోజులూ కొడుకు మంచం పక్కన నేల మీదే పడుకున్నాడు. వాడికి ఇప్పుడు కనిపిస్తున్నది ఆ నోరే.

"అమ్మ పోయింది. మీరు కూడా పోదామనుకుంటున్నారు, అంతేగా?" అన్నాడు ప్రకాష్. "మేం ఏం తక్కువ చేశాం నాన్నా? ఇది మూడు నెలల కడుపుతో మీకు స్నానం చేయిస్తోంది. దాని మొహం చూసైనా మింగండి."

మాత్ర తీసుకుని ఒక చేత్తో తండ్రి గడ్డం పట్టుకున్నాడు. గట్టిగా ఏం కాదు, చిన్నపిల్లాడికి మందు పట్టేవాళ్ళలాగే. కానీ ఆ వేళ్ళు దవడ మీద బిగుసుకుంటుంటే మాస్టారికి కళ్ళు బైర్లు కమ్మాయి. కన్నకొడుకు చేతిలో, వాడి ప్రేమతోనే చచ్చిపోబోతున్నాననిపించింది. ఉన్న బలమంతా పెట్టి మొహం పక్కకి తిప్పుకున్నారు.

"ఆగండి," అంది క్రిస్టీనా.

"నువ్వుండు."

"ఆగమంటున్నానా. చెయ్యి తియ్యండి ముందు." పెళ్ళయ్యాక ఆమె మొగుడితో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి. "మీరు మౌస్ పెట్టగానే ఎర్ర లైటు వెలిగింది. ఎవరూ కదపకపోతే ఆరిపోయింది. మీరు గబగబా కొడతారు కాబట్టి కీబోర్డుకి ఆరిపోయే తీరిక లేదు. మావయ్య ఒక అక్షరం కొట్టి రెండోది వెతుక్కునేలోపు అది నిద్రపోతోంది. రోజూ చూస్తాను నేను, ఆయన వేలికి టైము కావాలి."

ఆమె వంగి, తీగ పీకి మళ్ళీ గుచ్చింది. అక్షరం రాని షిఫ్టు మీట మీద తన వేలు పెట్టి, పసిబిడ్డని జోకొట్టినట్టు ఆగకుండా నొక్కడం మొదలుపెట్టింది.

"ఇప్పుడు కొట్టండి మావయ్యా. మీ ఇష్టమొచ్చినంతసేపు వెతుక్కోండి. నేను నిద్రపోనివ్వను దీన్ని."

మ. వేలు మెల్లగా అడ్డంగా వెళ్ళింది. సున్నా. పడింది. ద. కొమ్ము. బయట పత్తి లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ పోయింది. క్రిస్టీనా వేలు ఆగలేదు. తెర మీద ఒక్కో అక్షరం చేరుతూ వచ్చింది.

మందు 5. పాతది 2. నోట్లో రక్తం.

ప్రకాష్ చేతిలోంచి మాత్ర కిందపడింది. షీటు తీసి వెలుగులో పెట్టి చూశాడు. చెత్తబుట్టలోంచి పాత షీటు వెతికి తెచ్చి రెండూ పక్కపక్కన పట్టుకున్నాడు. మాస్టారు అప్పుడు నోరు తెరిచారు. చిగుళ్ళ నిండా ఎర్రగా ఉంది.

ఆ తర్వాత అంతా హడావుడే. డాక్టరుకి ఫోను చేస్తే మందు ఆపేసి వెంటనే తీసుకురమ్మన్నారు. మిల్లు జీపులో గుంటూరు బయలుదేరారు. రక్తపరీక్ష చేసిన డాక్టరు, ఇంకో రెండు రోజులు ఇలాగే మింగి ఉంటే నా చేతుల్లో ఉండేది కాదన్నారు. ఇంజెక్షన్ ఇచ్చి నాలుగు రోజులు ఉంచుకున్నారు. ఆ నాలుగు రోజులూ క్రిస్టీనా మావగారి కళ్ళలోకి చూడలేదు. పక్క సర్దేది, మొహం తుడిచేది, ఏదో పనున్నట్టు వరండాలోకి వెళ్ళిపోయేది.

ఇంటికొచ్చిన సాయంత్రం ప్రకాష్ లాప్‌టాప్ ముందు చాలాసేపు కూర్చున్నాడు. లేచి వచ్చి తండ్రి కాళ్ళ దగ్గర నేల మీద కూలబడ్డాడు.

"నేనే పెట్టాను నాన్నా అది. కరెంటు పోయినప్పుడు మీ మాట మధ్యలో ఆగకూడదని, బ్యాటరీ ఎక్కువసేపు వచ్చేలా మీరు ఆస్పత్రికి వెళ్ళకముందు ఆదివారం ఒక ప్రోగ్రాం వేశాను. బ్యాటరీ మీద నడిచేటప్పుడు, రెండు సెకన్లు ముట్టుకోకపోతే బయట తగిలించినవాటిని నిద్రపుచ్చుతుందది. మీట నొక్కితే లేవాలి. ఈ కీబోర్డు లేవలేదు. నేను కొట్టి చూసుకున్నాను, బాగానే ఉందనుకున్నాను. మీ వేలితో చూడలేదు." మొహం తండ్రి మోకాళ్ళకి ఆనించాడు. "ఇప్పుడు తీసేశాను," అన్నాడు.

మాస్టారు ఎడం చెయ్యి వాడి జుట్టులో పెట్టి ఉంచారు. వాడు ఏడుస్తుంటే ఆయనకి భయం వెయ్యలేదు. పది నెలల్లో మొదటిసారి వాడు గడియారం చూడకుండా ఆయన దగ్గర కూర్చున్నాడు.

వారం తర్వాత డాక్టరు మందు మళ్ళీ మొదలుపెట్టమన్నారు. పొద్దున్నే క్రిస్టీనా ఇడ్లీ పెట్టింది, నీళ్ళు తెచ్చింది. షీటు మాత్రం మొగుడికి అందించి తలుపు దగ్గర గోడకి ఆనుకుని నిలబడింది. ఇకమీదట మీరే వెయ్యండి, నా చేతుల మీద నాకు నమ్మకం లేదంది.

ప్రకాష్ అంకె రెండుసార్లు చదివి, తండ్రికి చూపించి, మాత్ర నోటి దగ్గర పెట్టాడు.

మాస్టారు పెదాలు బిగించారు.

ప్రకాష్ చెయ్యి వెనక్కి తీసేశాడు. క్రిస్టీనా పరుగున వచ్చి షీటు లాక్కుని అంకె చూసుకుంది. రెండే. మాస్టారు కీబోర్డు దగ్గరికి లాక్కున్నారు. ఒక్కో అక్షరం వెతుక్కున్నారు. ఇద్దరూ పక్కనే నిలబడ్డారు, ఎవరూ తొందరపెట్టలేదు.

నువ్వే వెయ్యి తల్లీ.

క్రిస్టీనా చదివింది. మొహం కొంగులో దాచుకుంది. తర్వాత చేతులు తుడుచుకుని మొగుడి దగ్గర మాత్ర తీసుకుంది. అంకె ఇంకోసారి చూసుకుని, ఆయన నోటి దగ్గర పెట్టింది.

మాస్టారు షీటు వైపు చూడలేదు. నోరు తెరిచారు.