లిస్కాకి ఇవాళ ఇంట్లో పనుంది

బ్లాంకా స్కూల్ బ్యాగు గుమ్మంలోనే పడేసి, తిన్నగా పెరట్లోని కుందేళ్ల గూళ్ల దగ్గరికి పరుగెత్తింది. ఆదివారం ఊరి హాల్లో కుందేళ్ల ప్రదర్శన. పిల్లల విభాగంలో కప్పు తనదేనని ఆమె ఎప్పుడో తేల్చేసుకుంది.

ఆమెవి మూడు కుందేళ్లు. బోరువ్కా, లిస్కా, మిలాడా. వసంతకాలంలో పక్కింటి ఓల్దా తాత ఇచ్చాడు. ఊళ్లో కుందేళ్లు పెంచేవాళ్ల సంఘానికి ఆయనే పెద్ద.

"చిన్నప్పుడు ఆడో మగో తేల్చడం కష్టం అమ్మాయ్. కాస్త పెరిగాక తీసుకురా, మళ్లీ చూస్తాను" అని ఆయన అప్పుడే చెప్పాడు.

"అక్కర్లేదు తాతా, నేను చూశాగా! మూడూ ఆడపిల్లలే" అంది బ్లాంకా.

చూడడమైతే చూసింది. ఏం చూసిందో ఆమెకే తెలియదు. వేసవి అంతా మూడింటినీ ఒకే కంచెలో వదిలి ఆడించింది.

ఇవాళ బోరువ్కా గూడు చూడగానే ఆమె నోరెళ్లబెట్టింది. గడ్డి అంతా చిందరవందరగా ఉంది. ఓ మూల దూదిలా బొచ్చు కుప్ప. బోరువ్కా నోటినిండా ఎండుగడ్డి కరుచుకుని, పెద్ద మీసాల ముసలాయనలా అటూ ఇటూ తిరుగుతోంది.

"ఏయ్, ఏంటిది? పొట్ట మీది బొచ్చంతా పీక్కున్నావా? జడ్జి చూస్తే ఏమంటాడు?"

బ్లాంకా చీపురు తెచ్చింది. గడ్డి, బొచ్చు మొత్తం ఊడ్చి బకెట్లోకి ఎత్తింది. గూడు అద్దంలా మెరిసింది. బోరువ్కా వెనక కాలితో చెక్కను టపటపా కొట్టింది.

"కోపమా? కప్పు వచ్చాక నువ్వే మురిసిపోతావులే" అని బ్లాంకా దాని చెవులు నిమిరింది.

ఇంతలో అమ్మమ్మ వంటింట్లోంచి కేకేసింది. ప్లమ్ పళ్ల కుడుములు వేడివేడిగా ఉన్నాయట. ఇంక బకెట్టు సంగతి ఎవరికి గుర్తుంటుంది?

మర్నాడు పొద్దున్నే మేత వేయబోయి బ్లాంకా కొయ్యబారిపోయింది. వట్టి చెక్క మీద, అక్కడొకటి ఇక్కడొకటి, వేలెడేసి గులాబీ రంగు పిల్లలు. కళ్లు తెరవలేదు. ఒంటి మీద ఒక్క వెంట్రుక లేదు.

"అమ్మమ్మా! తొందరగా రా!"

అమ్మమ్మ వంటింటి ఏప్రన్‌తోనే పరుగున వచ్చింది.

"ఇవెక్కడివి అమ్మమ్మా? మూడూ ఆడవే కదా!"

"ఆకాశంలోంచి ఊడిపడ్డాయి మరి! నీ మిలాడా తండ్రయ్యాడే, పిచ్చిమొద్దూ!" అంటూ అమ్మమ్మ ఒక పిల్లను ముట్టుకుంది. ఆమె ముఖంలో నవ్వు పోయింది. "చల్లబడిపోయాయి. వీటి పరుపేది? కనేముందు తల్లి తన బొచ్చు పీకి పరుపు వేసుకుంటుందే. ఇది వేసుకోలేదా?"

బ్లాంకా తను ఊడ్చిన గూటి వంక చూసింది. నిన్న నోట్లో గడ్డి పెట్టుకుని తిరిగిన బోరువ్కా కళ్లముందు మెదిలింది.

"వేసుకుంది అమ్మమ్మా. నేనే ఊడ్చేశాను."

అమ్మమ్మ తిట్టలేదు. "బకెట్టు ఎక్కడుంది?" అంది. అంతే.

అదృష్టం, బకెట్టు ఇంకా గోడ పక్కనే ఉంది. అమ్మమ్మ పిల్లల్ని ఉన్ని టోపీలో వేసుకుని పొయ్యి దగ్గరికి తీసుకెళ్లింది. బ్లాంకా గడ్డిలోంచి బొచ్చును పోగుపోగుగా ఏరింది. చిన్న చెక్కపెట్టెలో మెత్తగా పరిచింది. కాసేపటికి టోపీలో కదలిక మొదలైంది. ఒక్కటి మాత్రం కదల్లేదు. అమ్మమ్మ దాన్ని చేతిరుమాలులో చుట్టి పక్కన పెట్టింది.

బ్లాంకా కళ్లనుంచి నీళ్లు జలజలా రాలాయి.

"ఏడుద్దువుగానిలే అమ్మడూ. ముందు పెట్టె పట్టుకో. మిగతావి బతకాలి కదా."

వెచ్చబడ్డ పిల్లల్ని పెట్టెలో సర్ది బోరువ్కా గూట్లో పెట్టారు. సాయంత్రానికి వాటి పొట్టలు గుండ్రంగా నిండాయి. అయినా బ్లాంకాకు దిగులే.

"బోరువ్కా వాటి దగ్గర కూర్చోవడమే లేదు అమ్మమ్మా!"

"కుందేలు కోడిపెట్టలా కూర్చోదే. రోజుకోసారి పాలిచ్చి వచ్చేస్తుంది. నువ్వు మాటిమాటికీ తొంగిచూడకు, అదే పదివేలు."

రుమాలులోని పిల్లను ఇద్దరూ పెరటి చివర పాతిపెట్టారు. మిలాడా ఆటలు ఇక దాని గూట్లోనే. ప్రదర్శనకు లిస్కా వెళ్లాలని నిర్ణయమైంది.

"లిస్కా కూడా అదే కంచెలో ఆడిందే" అని అమ్మమ్మ గొణిగింది.

"పొట్ట తడిమి చూశాను అమ్మమ్మా. ఏమీ లేదు!"

ఆదివారం పొద్దున బ్లాంకా మంచి గౌను వేసుకుని, బ్రష్షూ బుట్టా పట్టుకుని గూటి తలుపు తీసింది. లిస్కా బొచ్చు పట్టులా నిగనిగలాడుతోంది. దువ్వనక్కర్లేకుండానే కప్పు వచ్చేలా ఉంది.

లిస్కా నోట్లో ఒక గడ్డిపోచ ఉంది. దాన్ని తీసుకెళ్లి మూలలో పెట్టింది. మళ్లీ వచ్చి ఇంకొకటి కరుచుకుంది.

హాల్లో బ్యాండు మోగడం ఇక్కడికి వినబడుతోంది. బ్లాంకా చేతిలోని బ్రష్షు వంక చూసింది. లిస్కా వంక చూసింది. తరువాత బ్రష్షు జేబులో పెట్టేసి, షెడ్డులోంచి ఒక చెక్కపెట్టె తెచ్చి గూటి మూలలో పెట్టింది. చేతినిండా మెత్తని ఎండుగడ్డి తెచ్చి గూటి తలుపు దగ్గర వేసింది. గూటి ముందు పాత గోనెసంచి తెరలా కట్టి, అడుగుల చప్పుడు కాకుండా వెళ్లిపోయింది.

హాల్లో ఆమెకు కేటాయించిన పంజరం ఖాళీగానే ఉండిపోయింది.

"ఖాళీ బుట్టతో వచ్చావేంటి? నీ కుందేలు గాలిలో కలిసిపోయిందా?" అని ఆమె క్లాసు రాడెక్ పళ్లికిలించాడు. వాడి బూడిదరంగు కుందేలు పంజరం మీద కప్పు గుర్తు అప్పటికే అంటించి ఉంది.

"లిస్కాకి ఇవాళ ఇంట్లో పనుంది" అంది బ్లాంకా, తల ఎత్తి.

అక్కడి నుంచి తిన్నగా ఓల్దా తాత బల్ల దగ్గరికి వెళ్లింది.

"తాతా, మా కుందేలు పిల్లలు కాస్త పెరిగాక తీసుకొస్తాను. ఆడవేవో మగవేవో మీరు చూసి చెప్పాలి. నాకు తెలీదు."

అందరికీ వినబడేలా గట్టిగానే అంది. ఓల్దా తాత కళ్లద్దాల మీదుగా చూశాడు. అమ్మమ్మ ద్వారా సంగతి ఆయనకు అప్పటికే తెలుసు.

"తీసుకురా. ఒకటి చెప్పు, మిలాడా గారు కులాసానా?"

"కులాసాయే తాతా. ఇవాళ మళ్లీ తండ్రవుతున్నాడు."

తాత పొట్ట పట్టుకుని నవ్వాడు. బ్లాంకా కూడా నవ్వింది. ఇంటికి వెళ్లేటప్పుడు దారి పక్కన ఆగి, ఖాళీ బుట్టనిండా లేత క్లోవర్ గడ్డి కోసుకుంది.