షార్ట్‌స్టాప్ సంబంధం

"ముందుగాల గా పిలగాని పండ్లు చూడాలె బిడ్డా. బంతులాట ఆడెటోని నోట్లె పండ్లు ఉంటయో, రాలిపోయినయో!"

రుక్కమ్మ ఈ మాట అనేసరికి పెండ్లిచూపులకు రావాల్సిన పిలగాడు ఇంకా కోరుట్లలో బస్సు కూడా ఎక్కలేదు.

"పండ్లు లేకుంటే మెత్తగ వండి పెడుత తియ్," అంది శ్రీలత జడ వేసుకుంటూ. "నువ్వైతే ఉల్లిగడ్డ కొయ్యి."

రుక్కమ్మకు భయపడటం ఒక ఉద్యోగం. సెలవులు లేవు. ఇంటి వెనక సాంచలు, అదే మరమగ్గాలు, నడుస్తుంటే కరెంటు వైర్లు కాలిపోతాయని భయం, ఆగిపోతే ఆర్డర్లు పోయాయని భయం. భర్త జలపతి మరమగ్గాల చప్పుడుకు అలవాటుపడిన మనిషి కాబట్టి భార్య మాట వినబడనట్టు ఉండటం ఆయనకు కష్టం కాదు. సిరిసిల్లలో చాలామంది మగవాళ్లకు ఈ సౌకర్యం ఉంది.

మధ్యాహ్నానికి మహేందర్ తల్లితో వచ్చాడు. తల్లి చిన్నవ్వ కోరుట్లలో బీడీలు చుడుతుంది. కొడుకు జగిత్యాలలో చదివేటప్పుడు పీఈటీ సారు చేతికి తోలు గ్లవ్ ఇచ్చాడు. అది పట్టుకుని స్టేట్‌కు ఆడాడు, నేషనల్స్‌కు ఆడాడు, ఇప్పుడు దుబాయ్‌లో ఒక బేస్‌బాల్ లీగ్ వాళ్లు కాంట్రాక్టు ఇచ్చారు. ఊరంతా దుబాయ్ పోయి ఇటుకలు మోస్తుంటే, ఈయన బంతి పట్టడానికి పోతున్నాడు.

రుక్కమ్మ ప్లేటు నిండా సకినాలు పెట్టింది. రాయి లాంటివి ఏరి మరీ పెట్టింది. మహేందర్ టకటకా నమిలేశాడు. ఆమె సగం ఊపిరి పీల్చుకుంది. మిగతా సగం తర్వాతి భయానికి దాచుకుంది.

"అంటే క్రికెట్టేనా?" అన్నాడు జలపతి.

"కాదు మామా. బేస్‌బాల్."

"గదే. క్రికెట్ లెక్క."

"లెక్కనే మామా. గని వేరే," అన్నాడు మహేందర్ ఓపికగా. ఈ సంభాషణ ప్రతి ఇంట్లోనూ చేసి చేసి అరిగిపోయినట్టుంది.

పిల్లలిద్దర్నీ మాట్లాడుకొమ్మని సాంచల షెడ్డులోకి పంపారు. ఆ రోజు సాంచలు ఆపారు, లేకపోతే ప్రేమైనా పెండ్లైనా అరిచి చెప్పుకోవాలి.

"మీరు బ్యాట్ పడుతరా, బంతి ఇసురుతరా?" అని అడిగింది శ్రీలత.

"రెండూ చేస్త గని, నా అసలు పని ఆపుడు. షార్ట్‌స్టాప్ అంటరు. రెండో బేస్‌కు మూడో బేస్‌కు నడుమ ఉంట."

"అంటే ఇటూ గాదు, అటూ గాదు."

"ఎక్కువ బంతులు ఆ నడుమకే వస్తయి మరి."

"అయ్యో పాపం. పక్కకు జరుగరాదు?"

"జరిగితే ఇంటికి పంపుతరు." నవ్వాడు. "మీరేం చేస్తరు?"

"బట్టల యూనిట్ల చెకింగ్. షర్టులల్ల తప్పులు వెతుకుత."

"మనుషులల్ల?"

"అది ఓవర్‌టైం. పైసలియ్యరు."

అప్పుడే గూట్లో నుంచి దారం కండె ఒకటి జారింది. మహేందర్ చెయ్యి పోయి దాన్ని నేలకు తాకకముందే పట్టింది. కండ్లు మాత్రం శ్రీలత మీదనే ఉన్నాయి.

"షో చేస్తున్నరా?"

"లేదండి. కింద పడితే దారం చిక్కువడుతదని."

ఆ జవాబులో తప్పు ఎక్కడుందో శ్రీలత చాలాసేపు వెతికింది. దొరకలేదు. అదే ఆమెకు కోపం తెప్పించింది.

సీజన్ అయిపోయాక నిశ్చితార్థం అనుకున్నారు. మహేందర్ దుబాయ్ పోయాడు. రోజూ ఫోను. బంతి పట్టుకుంటే ఎవరూ మెచ్చుకోరనీ, వదిలితే స్టేడియమంతా చూస్తుందనీ అతను చెప్పేవాడు. "మా కంపెనీల గూడ గంతే," అనేది శ్రీలత. ఒక సాయంత్రం నవ్వుతూ వేడి పాలు మీద పోసుకుంది. రుక్కమ్మ వెంటనే ఫోన్ల వల్ల ఒళ్లు కాలుతుందని తేల్చింది.

ఇక ఈ జిల్లాల్లో ఒక పద్ధతి ఉంది. గల్ఫ్ పిలగాడంటే జాతకం కన్నా ముందు అక్కడ ఎంక్వయిరీ జరగాలి. సూపర్‌వైజర్ అని చెప్పినవాడు లోడింగ్ చేస్తూ దొరికిన కథ ప్రతి వాడకూ ఒకటి ఉంటుంది. రుక్కమ్మ తమ్ముడు ఎల్లన్న షార్జాలో లారీ నడుపుతాడు. ఆ ఇంట్లో ఎల్లన్న మాటంటే పెద్ద కోర్టు తీర్పు.

ఎల్లన్న సెలవు రోజు గ్రౌండు దాకా పోయాడు. జాలీ కంచె బయట నిలబడి వీడియో తీసి పంపాడు. అందులో మహేందర్ పొడుగాటి దంతె పట్టుకుని ఎర్రమట్టి గుంజుతున్నాడు. వెనక ఎల్లన్న గొంతు: "అక్కా, ఆటగాడు లేడు, గీటగాడు లేడు. మట్టి సాపు చేసే పని. ఎండకు టోపి ఒక్కటైతే కంపెనీ ఇచ్చింది."

రుక్కమ్మ గోడకు కూలబడింది. "నేను అననే అన్న! పాస్‌పోర్టు గుంజుకున్నరో ఏమో!"

ఆమె ఇన్ని రోజులూ అన్నది పండ్ల గురించే. కానీ ఆ సమయంలో ఆ మాట గుర్తు చేసే ధైర్యం ఎవరికీ లేదు.

ఆ సాయంత్రం ఫోను వచ్చింది. సూటిగా అడిగితే సరిపోయేది. కానీ శ్రీలత నాలుక అలా తయారు కాలేదు.

"ఇయ్యాల ఎంత జాగ సాపు చేసిండ్రు?"

"ఎవరు చెప్పిండ్రు?"

"మా ఎల్లన్న మామ వచ్చిండు. చూసిండు."

"చూసినోడు పలకరిస్తే చాయ్ తాపుతుంటి గద." గొంతు మారింది. "ప్రాక్టీస్ అయినంక ఎవరి జాగ వాళ్లు సాపు చేసుకునుడు మా టీం రూలు. చిన్న రాయి ఉన్నా బంతి ఎగిరి మూతికి తాకుతది. నమ్ముతరా?"

శ్రీలత వెంటనే అవునంటే కథ ఇక్కడే సుఖంగా ముగిసేది. ఆమె ఆగింది. తప్పులు వెతికే అలవాటు ఉన్నవాళ్లు ఆగే ఆ కాస్త ఆగుడు, అవతలివాళ్లకు చాలా పొడుగ్గా ఉంటుంది.

"మీరు అడగాల్సింది వేరే ఉండె," అన్నాడు మహేందర్. "ముప్పై అయిదేండ్లు దాటితే మోకాళ్లు పనిచెయ్యయి. ఈ లీగ్ వచ్చే ఏడు నడుస్తదో లేదో మా ఓనర్‌కు గూడ తెల్వది. గివన్ని నేనే చెప్దామనుకున్న. మీరు మామను పంపిండ్రు. మంచిది."

ఫోను పెట్టేశాడు. మళ్లీ చెయ్యలేదు. శ్రీలత చేసినా ఎత్తలేదు.

వారం గడవకముందే ఆమె ఫోన్లో ఆ లీగ్ మ్యాచ్ లైవ్ దొరికింది. బంతి నేల మీద పాములా దూసుకొచ్చింది. మహేందర్ పక్కకు దూకి, బోర్లా పడి పట్టి, మోకాళ్ల మీద నుంచే మొదటి బేస్‌కు విసిరాడు. కామెంటేటర్ అతని పేరును ముక్కలు ముక్కలుగా పలికాడు. శ్రీలత వెనక ఎవరో ముక్కుతో గాలి వదిలారు. జలపతి.

"గీ పిలగాడా మట్టి గుంజెటోడు?" అన్నాడు. "ఏదీ, మళ్లొక్కసారి పెట్టు."

సాంచ దగ్గర దారం తెగిందని కూలీ పిలుస్తున్నా ఆయన కదల్లేదు. ఆ తర్వాత ఎల్లన్న కూడా ఫోను చేశాడు. "బావా, నాకు అప్పుడే అనుమానం కొట్టింది, పిలగాడు మామూలోడు గాదని," అన్నాడు. కోర్టులు తీర్పులు మార్చుకునేటప్పుడు ఇంత తేలిగ్గా మార్చుకుంటాయని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

సీజన్ అయిపోయింది. మహేందర్ వచ్చాడనీ, రోజూ జగిత్యాల గ్రౌండులో ప్రాక్టీస్ చేస్తున్నాడనీ తెలిసింది. కోరుట్ల నుంచి సిరిసిల్లకు మాత్రం ఒక్క మాట రాలేదు.

"నేను పోతున్న," అంది శ్రీలత.

"ఆడపిల్ల తనంతట తాను పోతే నలుగురు ఏమంటరు! బండి స్కిడ్డయితే! వాడు మూతి తిప్పుకుంటే!" అని మూడు భయాలూ ఒక్క ఊపిరిలో పడేసి, రుక్కమ్మ చీర మార్చుకొని వచ్చి స్కూటీ వెనక కూర్చుంది. పక్కింటి దేవవ్వ అడిగితే కొండగట్టు గుడికి పోతున్నామని చెప్పింది.

గ్రౌండులో చిన్నవ్వ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, బక్కెట్లో నుంచి బంతులు తీసి నేల మీద దొర్లిస్తోంది. మహేందర్ వంగి పట్టి, వల మీదికి విసురుతున్నాడు.

"రా వదినె, కూసో," అంది చిన్నవ్వ రుక్కమ్మతో. "మావోడు నాతోని గూడ మాట్లాడుతలేడు. బంతులైతే పట్టుతుండు."

శ్రీలత చెప్పులు విడిచి మట్టిలోకి నడిచింది.

"తప్పు నాదే. అడగాల్సిన కాడ ఎక్కిరిచ్చిన."

మహేందర్ బంతి పట్టాడు. విసిరాడు.

"మీరు చెప్పంగనే నమ్మితే అయిపోతుండె. నమ్మలే."

ఇంకో బంతి.

"మోకాళ్ల సంగతి చెప్పిండ్రు, లీగ్ సంగతి చెప్పిండ్రు. మా సాంచలు గూడ ఆర్డర్ ఉంటెనే నడుస్తయి. పని లేని దినాలు చూసి భయపడే ఇల్లు గాదు మాది." వెనక్కి తిరిగి చూసింది. "మా అమ్మను ఇడిశిపెట్టుండ్రి."

చిన్నవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. కాలం కాని కాలంలో తుంపర మొదలైంది. మట్టి వాసన లేచింది.

"నేను చెకింగ్ చేసేదాన్ని. ఒక్కసారి పాస్ చేసినంక నేను వాపస్ పంప," అంది శ్రీలత. "నన్ను చేసుకుంటరా, చేసుకోరా?"

బక్కెట్లో బంతులు అయిపోయాయి. మహేందర్ వంగినవాడు వంగినట్టే ఉన్నాడు. టోపీ అంచు మీద నుంచి నీళ్లు కారుతున్నాయి.

"పిడుగు వడుతది, ఇటు రాండ్రి!" అని రుక్కమ్మ చెట్టు కింద నుంచి అరిచింది. పిడుగుకు చెట్టు కిందే ప్రమాదమని గుర్తొచ్చి బయటికి ఉరికింది. "వదినె, పిలగాడు పలుకుతలేడు. గుండెకేమన్న అయ్యిందా?"

"ఏం గాలే వదినె. వాడు చిన్నప్పటికెళ్లి గంతే. సక్కటి మాట రావాలంటే జరసేపు పడుతది."

శ్రీలత జుట్టు తడిసి చెంపలకు అంటుకుంది. ఇంక తిరిగి పోదామనుకుని ఒక కాలు కదిపింది కూడా.

మహేందర్ గ్లవ్ తీసి చంకలో పెట్టుకున్నాడు. లేచి నిలబడ్డాడు.

"చేసుకుంట. గని వచ్చే సీజన్‌కు నువ్వు గూడ రావాలె. గంత పెద్ద స్టేడియంల నేను బంతి పట్టినప్పుడు మన భాషల గట్టిగ ఒర్రెటోళ్లు ఒక్కలు లేరు."