క్లోరిన్ గదిలో ఎర్ర లైటు

ఏజెంట్ ఫార్టీవన్ మీటర్ మెకానిక్ వేషంలో వాటర్ ప్లాంటులో అడుగుపెట్టేసరికి ఉదయం పదిన్నర. హెడ్‌క్వార్టర్స్ అతనికి లేజర్ వాచీ, పొగ వదిలే బూట్లు, పెన్ను పిస్టల్ ఇచ్చింది. మెకానిక్ దగ్గర ఒక కటింగ్ ప్లయరైనా ఉండాలని గాడ్జెట్ సెక్షన్ మేధావుల్లో ఒక్కరికీ తట్టలేదు.

బ్రీఫింగ్ చిన్నదే. విదేశీ ముఠా క్లోరిన్ గదిలో ఒక పెట్టె బిగించింది. పదకొండింటికి అది గ్యాస్ సిలిండర్ల వాల్వులు తెరుస్తుంది. తీగ తెంపినా, కరెంటు తీసినా వెంటనే తెరుస్తుంది. లోపలి మైక్రోకంట్రోలర్ చిప్‌లో కొత్త ప్రోగ్రామ్ ఎక్కించడం ఒక్కటే దారి. ముఠా నాయకుణ్ణి ఎవరూ చూడలేదు. టైపు చేసిన చీటీలతో ఆర్డర్లు వేసి, కింద 'చక్రవర్తి' అని పెట్టుకుంటాడు. రాజ్యం లేకపోయినా బిరుదుకి లోటు చేసుకోలేదు.

కొత్త పరికరాలేమైనా బిగించారా అని అడిగితే, క్లోరిన్ గది గడప తొక్కి ఏడాదయిందని చెప్పి ప్లాంటు సూపరింటెండెంట్ హడావిడిగా కారెక్కాడు.

గదిలో ముత్యాల దండ, ఎత్తు మడమల చెప్పులతో ఒకావిడ నిలబడి ఉంది.

"పంపులో నీళ్ళు తగ్గాయా?" ఆమె సంకేత వాక్యం అడిగింది.

"మీటరు తిరుగుతూనే ఉంది," అని ఫార్టీవన్ సంకేతం పూర్తిచేశాడు.

డబుల్ ఏజెంట్. రెండు వైపులా జీతం తీసుకునే మనిషి. ఈసారి మాత్రం ఆమె కళ్ళలో నిజమైన భయం కనబడింది. ఆమె చెల్లెలు పక్క ల్యాబ్‌లోనే నీళ్ళు పరీక్షిస్తోంది. ఏ సాకు చెప్పి పిలిచినా సీటు వదల్లేదట.

ఫార్టీవన్ బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి పెట్టెకి తగిలించాడు. చిప్ నుంచి జవాబు లేదని స్క్రీన్ మీద మెసేజ్ వచ్చింది. కేబుల్ మార్చాడు. వోల్టేజ్ చూశాడు, సరిగ్గానే ఉంది. స్పీడ్ తగ్గించాడు. మళ్ళీ అదే మెసేజ్. పది యాభై ఆరు. పెట్టె మీద ఎర్ర లైటు వెలిగి ఆరుతూ వెక్కిరిస్తోంది.

"ఆ లైటు మొదట్లో లేదు," అందామె. "నిన్న చక్రవర్తి చీటీ పంపాడు. లైటు లేకపోతే చూసేవాడికి భయం వెయ్యదట. ఇంజనీరు తిట్టుకుంటూ అతికించాడు."

ఫార్టీవన్ వంగి చూశాడు. ప్రోగ్రామ్ వెళ్ళాల్సిన పిన్నుకే లైటు కాలు అతికించి ఉంది. సిగ్నల్ అంతా ఆ లైటే మింగేస్తోంది. తర్వాత అతికించింది కాబట్టి దాన్ని తెంపినా పెట్టె పసిగట్టదు. లేజర్ వాడితే పెట్టె మొత్తం కరిగిపోతుంది. ఆమె హ్యాండ్‌బ్యాగ్ లోంచి నెయిల్ కట్టర్ తీసిచ్చింది.

టక్. లైటు ఊడి అతని అరచేతిలో పడింది. చిప్ జవాబిచ్చింది. ప్రోగ్రామ్ ఎక్కింది. అప్పటికి ఎనిమిది సెకన్లు మిగిలాయి. పదకొండు దాటినా వాల్వు కదల్లేదు. ఆమె గోడకి ఆనుకుని చెల్లెలి పేరు తలుచుకుంటూ ఏడ్చేసింది.

ఐదు నిమిషాలకి సూపరింటెండెంట్ తిరిగొచ్చాడు. ఫార్టీవన్ లైటుని జేబులో వేసుకుని, పెట్టెని కాలితో తోశాడు.

"ఇది బాంబటండీ. ఎవడో చేతకానివాడి పని. రేకు డబ్బాలా ఉంది."

సూపరింటెండెంట్ మొహం కందిపోయింది. "లైటు పీకేస్తే డబ్బాలా ఉండక ఎలా ఉంటుంది?"

ఏడాదిగా గడప తొక్కనివాడికి నిన్న పెట్టిన లైటు సంగతి తెలుసు. ఫార్టీవన్ చక్రవర్తి చేతులకి బేడీలు వేశాడు.

"నా కట్టర్ మొండిబారింది," అంది డబుల్ ఏజెంట్ కళ్ళు తుడుచుకుంటూ. "మీవాళ్ళు కొత్తది ఇప్పిస్తారా?"

"కష్టం. లేజర్ వాచీ అయితే ఈ రోజే ఇస్తారు."