అక్కాచెల్లెళ్ల మలుపు

మా యుంగాస్ కొండదారిలో ఆ మలుపు పేరెత్తితే చాలు, డ్రైవర్లకి గుండె జారిపోతుంది. పొగమంచులో అక్కాచెల్లెళ్లు నిలబడతారట... ఇద్దరూ ఒకేలా చెయ్యి ఊపుతారట. బండి ఆపావో — లోయలోకి లాక్కుపోతారట. అందుకని ముందే భూదేవి పచమామకి రెండు చుక్కల సారా ఒంపి, మిగతాది తాము పుచ్చుకుని, ఇద్దరి మధ్యలోంచి ఆపకుండా దూసుకుపోవాలట.

వీళ్ల భక్తి మండిపోనూ! భూదేవికి రెండు చుక్కలు, వీళ్లకి సీసాడూనా?

ఆ సాయంత్రం గుమెర్సిందో లారీ ఎక్కాను. వెనక కోకా ఆకు మూటలు, ముందు సీట్లో నేను, నా ఒళ్లో అమ్మకి పట్టుకెళ్తున్న వేడి సూపు. ఆ మలుపు దగ్గరే మా అమ్మ సతుర్నీనా పని. అవతల బండొస్తుంటే ఎర్రజెండా ఊపుతుంది, దారి ఖాళీగా ఉంటే పచ్చజెండా.

పొగమంచు కమ్మింది. గుమెర్సిందో ఒక్కసారిగా బిగుసుకుపోయాడు.

"అదుగో... వచ్చారు."

"ఎవరు?"

"అక్కాచెల్లెళ్లు... గట్టిగా మాట్లాడకు."

నాకు కనిపించింది ఒక్కతే — మా అమ్మ. చేతిలో ఎర్రజెండా.

"మా అమ్మయ్యా అది! ఆపు!"

"మీ అమ్మ ఒక్కతే కదే పిచ్చిమొహమా... వీళ్లిద్దరు!"

యాక్సిలరేటర్ తొక్కేశాడు. సరిగ్గా మధ్యలోకి... సరిగ్గా మా అమ్మ మీదికి.

అప్పుడు మా నాన్న గుర్తొచ్చాడు. తాగొచ్చిన రోజున ఆయనకి ఇంటికి రెండు గుమ్మాలు కనిపించేవి. ఒక కన్ను మూసుకుంటే గానీ అసలు గుమ్మం దొరికేది కాదు.

గుమెర్సిందో కుడికన్ను మీద అరచెయ్యి అదిమిపెట్టాను.

"ఇప్పుడు చూడరా తాగుబోతు వెధవా! ఎంతమంది?"

"ఒ... ఒక్కతే..."

బ్రేకు కీచుమంది. అమ్మకి జానెడు దూరంలో ఆగింది లారీ. మలుపు అవతల్నుంచి జనంతో కిక్కిరిసిన బస్సు వచ్చి, ఎదురుగా నిలబడింది.

గుమెర్సిందో లారీ దిగాడు.

"అమ్మా... దెయ్యాలనుకున్నాను. ఇద్దరూ కనిపిస్తే... మధ్యలోంచి పోదామని..."

అమ్మ వాడి చొక్కా పట్టుకుంది.

"నాకంటే ముందు ఇక్కడ జెండా పట్టింది నా చెల్లెలు పెట్రోనా. లోయలో దొరికింది దాని శవం. ఆ రోజు వచ్చిన లారీవాడు సిలువ ముట్టుకుని ఒట్టేశాడు — 'నేనెవర్నీ తాకలేదు, ఇద్దరి మధ్యలోంచే వచ్చాను' అని. ఊరంతా నమ్మింది... నేనూ నమ్మాను కదరా!"

అంటూనే జెండాకర్ర వాడి వీపు మీద విరగ్గొట్టింది.